గుట్టను కుండలోకి తేవడం: నల్లగొండ, పాలమూరు మట్టితో, రాళ్లతో సిరామిక్ కళ

నల్లగొండ నుంచి దేవరకొండ వైపు పోతుంటే రోడ్డు కోసం నిలువునా కోసిన గుట్టలు అక్కడక్కడా కనిపిస్తాయి. ఒకసారి బండి ఆపి అలాంటి ఒక కోతను దగ్గరగా చూడండి. పైన జానెడు మందం ఎర్ర చల్క. దాని కింద చేత్తో నలిపితే రాలిపోయే మొరం. ఆ కింద గులాబీ రంగు బండ. కొన్నిచోట్ల ఆ బండను చీల్చుకుంటూ పోయే నల్లటి పట్టీ కూడా ఉంటుంది. సిరామిక్ చేసేవాళ్లకు కావలసిన సరుకు చాలావరకు ఆ ఒక్క కోతలోనే దొరుకుతుంది. చల్కలో బంకమన్ను, ఇనుము ఉంటాయి. మొరంలో మెత్తబడిన ఫెల్డ్‌స్పార్ (ఎక్కువ వేడికి కరిగి గాజులా మారే ఖనిజం), బండలో ఫెల్డ్‌స్పార్‌తో పాటు పలుగురాయి, కాకిబంగారం. ఆ నల్ల పట్టీ డోలరైట్ అనే రాయి, అందులో ఇనుము, మెగ్నీషియం ఎక్కువ.

నేను మొదటి రెండేళ్లు కొన్న తెల్లమట్టితో గిన్నెలు చేసి, వాటిమీద గుట్టల బొమ్మలు వేసేవాడిని. బాగానే ఉండేవి, కానీ అవి ఎక్కడి గుట్టలైనా కావచ్చు. తర్వాత ఒక ఎండాకాలం చెరువులోంచి తెచ్చిన రేగడిని పలకలా పరిచి ఆరబెడితే, తెల్లారేసరికి అది ఎండిన చెరువులాగే నెర్రెలిచ్చింది. చెరువు బొమ్మ నేను వేయలేదు, చెరువు మన్నే వేసుకుంది. అప్పటినుంచి నా పద్ధతి ఒకటే: ఈ నేలలో నాకు నచ్చిన దృశ్యం ఏదో చూసుకోవడం, ఆ దృశ్యాన్ని తయారుచేసిన మన్ను ఏ గుణంవల్ల అలా అయిందో తెలుసుకోవడం, ఆ గుణాన్ని పనిలోకి తెచ్చుకోవడం. ఈ వ్యాసమంతా దాని గురించే.

ముందు నడక, తర్వాత తవ్వకం

ఒక ఆదివారం ఖాళీ చేసుకుని, పాలిథీన్ సంచులు, మార్కర్, ఒక అయస్కాంతం, నిమ్మకాయ పట్టుకుని బయలుదేరండి. ప్రతి సంచిమీదా ఊరు, చోటు, తేదీ రాయాలి. ఇంటికొచ్చాక రాద్దాంలే అనుకుంటే ఏ మన్ను ఎక్కడిదో గుర్తుండదు.

మన వైపు దొరికే మన్నులు ముఖ్యంగా మూడు. మొదటిది చెరువు ఒండ్రు. పని చేయడానికి ఇదే మేలు, కుమ్మరులు తరతరాలుగా వాడేదీ ఇదే. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక మన్నును ట్రాక్టర్లతో పొలాలకు తోలారు. గట్ల దగ్గర కుప్ప మిగిలి ఉంటే రైతును అడిగితే రెండు బకెట్లు ఇస్తారు. రెండోది ఎర్ర చల్క. ఇందులో ఇసుక ఎక్కువ, బంక తక్కువ. దీన్ని ఒక్కదాన్నే వాడితే వంచినచోట విరుగుతుంది కానీ, నీళ్లలో కలిపి తేర్చితే మంచి ఎర్ర పూత వస్తుంది. మూడోది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే బాగా కుంచించుకుపోతుంది. కుండకు పనికిరాదు, పూతకు మాత్రం బంగారం.

రాళ్ల విషయానికొస్తే, బండలు కొట్టే చోట్ల, పాలిషింగ్ యూనిట్ల దగ్గర గ్రానైట్ పొడి కుప్పలుగా పడి ఉంటుంది. అడిగి తెచ్చుకోండి. కోత బ్లేడ్ల ఇనుము కూడా అందులో కలిసి ఉండొచ్చు, అందుకే కాల్చి చూడకుండా నమ్మకూడదు. పాలమూరు వైపు పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ గనులున్నాయి. రెండూ తెల్లగా ఉండి కొత్తవాళ్లకు తేడా తెలియదు. పగలగొట్టి ఎండలో తిప్పితే ఫెల్డ్‌స్పార్ ముఖం అద్దంలా చదునుగా తళుక్కుమంటుంది. పలుగురాయి గాజుపెంకులా వంకరగా పగులుతుంది. హుజూర్‌నగర్, మట్టంపల్లి వైపు సున్నపురాయి. నల్లమల అంచున క్వార్ట్‌జైట్, అంటే గట్టిపడిన ఇసుకరాయి.

వాగులో ఒక చిన్న పని చేసి చూడండి. అయస్కాంతాన్ని పాలిథీన్ కవర్లో చుట్టి, ఆరిన ఇసుకలో మెల్లగా లాగండి. కవరు బయట నల్లటి నలుసులు చీమల బారులా అంటుకుంటాయి. అది మాగ్నెటైట్, ఇనుప ఇసుక. అయస్కాంతాన్ని కవరులోంచి బయటికి తీస్తే నలుసులన్నీ సీసాలోకి రాలతాయి. గంటసేపు లాగితే చిన్న సీసా సగం నిండుతుంది. గ్రానైట్‌లోని నల్లచుక్కలు కుండమీదకి తేవడానికి ఆ సగం సీసా చాలు.

కొన్ని చోట్ల ఏమీ ముట్టుకోవద్దు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపల రాయి తీయడం నేరం. కృష్ణ ఒడ్డున ముడుమాల్ నిలువురాళ్ల దగ్గర, పాత సమాధుల రాతి వలయాల దగ్గర మట్టి తవ్వకండి, అది చరిత్ర. నాగార్జునసాగర్ దగ్గరి లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతంలో యురేనియం నిక్షేపాలున్నాయి కాబట్టి అక్కడి రాళ్లు పొడి చేసి గ్లేజ్‌లో (కాలాక కుండమీద గాజుపొరగా మారే పూతలో) వాడే ఆలోచన వద్దు. సొంత పొలం, తెలిసినవాళ్ల పొలం, క్వారీ వ్యర్థం. ఇవి చాలు.

మన్ను సిద్ధం చేయడం

తెచ్చిన మన్నును ముందు పూర్తిగా ఎండబెట్టండి. తడి గడ్డ నీళ్లలో కరగదు. ఎండు గడ్డ అయితే బుసబుసమని విచ్చుకుపోతుంది. గడ్డలు కొట్టి బకెట్‌లో వేసి, మన్ను మునిగి ఇంకో జానెడు పైకి వచ్చేలా నీళ్లు పోసి రెండు రోజులు కదపకుండా వదిలేయండి. తర్వాత చేత్తో కలిపి, తేలిన వేర్లు, పొట్టు తీసేసి, పెరుగులా అయ్యాక 60 మెష్ (అంగుళానికి 60 కన్నాలున్న) జల్లెడలో వడకట్టండి. పూతకు అయితే 100 మెష్. చిక్కటి మన్ను అడుగుకు దిగాక పైనీళ్లు వంపేసి, మిగిలింది పాత నూలు దుప్పట్లో మూటకట్టి చెట్టుకొమ్మకు వేలాడదీయండి. ఎండాకాలం అయితే రెండు మూడు రోజుల్లో పిసికే పదునుకు వస్తుంది. తర్వాత పాలిథీన్‌లో చుట్టి నీడన కనీసం నెల దాచితే సాగే గుణం పెరుగుతుంది.

వడపోత విషయంలో బద్ధకం పనికిరాదు. నా మొదటి పది పలకలు కాల్చాక చాలా బాగున్నాయి. గోడకు తగిలించిన పది రోజులకు ఒక్కోదానిమీద శనగగింజంత పెళ్ల లేచి రాలడం మొదలైంది, గుంట అడుగున తెల్లటి చుక్క. అవి మన్నులోని సున్నపు గడ్డలు. సుమారు 850 డిగ్రీలు దాటితే సున్నపురాయి కాలి సున్నం అవుతుంది, ఆ తర్వాత గాలిలో తేమ తాగి ఉబ్బుతుంది, పైనున్న పెంకును ఎగదంతుంది. అందుకే నిమ్మకాయ. ఎండు మన్నుమీద నాలుగు చుక్కలు పిండితే నురగ వచ్చిందంటే సున్నం ఉన్నట్టే. సన్నగా వడకడితే చాలావరకు పోతుంది. అనుమానం ఉంటే, కాలిన వస్తువు చల్లారగానే కొన్ని గంటలు నీళ్లలో ముంచి ఉంచండి. ఇటుకలవాళ్లు కూడా నీళ్లు కొడతారు.

పరీక్షలు: ఇక్కడ తొందరపడొద్దు

పిసికిన మన్నును చిటికెనవేలి లావు తాడులా చేసి వేలికి చుట్టండి. పగలకుండా చుట్టుకుంటే బంక సరిపోయింది. పైపైన నెర్రెలిస్తే బంక తక్కువ, ఒండ్రు కలపాలి. చేతికి జిగురులా అంటుకుంటే బంక ఎక్కువ, ఇసుకో పెంకుల పొడో కలపాలి. పెంకుల పొడి అంటే పగిలిన పాత కుండలను దంచి జల్లించినది, ఇసుక కన్నా ఇదే మంచిది. నేను చెరువు ఒండ్రుకు తూకంలో 15 నుంచి 20 శాతం కలుపుతాను.

తర్వాత 14 సెంటీమీటర్ల పొడవు, 1 సెంటీమీటర్ మందంతో పలకలు చేసి, మీద సరిగ్గా 100 మిల్లీమీటర్ల గీత గీయండి. ఆరాక కొలవండి, కాలాక మళ్లీ కొలవండి. గీత 92 అయితే 8 శాతం కుంచించుకున్నట్టు. 6 నుంచి 10 వరకు అయితే కుండకు బాగుంటుంది. నా చెరువు ఒండ్రు 9 వచ్చింది. రేగడి గీత ఆరడంలోనే 86కు దిగింది, అంటే 14. ఈ రెండు అంకెల తేడాలోనే నెర్రెలిచ్చిన చెరువు ఉంది, దాని సంగతి కింద చెప్తాను.

ఇంకొకటి, కాలిన పలకను తూచి, రెండు గంటలు నీళ్లలో ఉడకబెట్టి, తుడిచి మళ్లీ తూచండి. పెరిగిన బరువును పొడి బరువుతో భాగించి 100తో గుణిస్తే అది ఎన్ని నీళ్లు తాగుతుందో తెలుస్తుంది. 1000 డిగ్రీల దగ్గర కాల్చిన మన ఎర్రమన్ను పదిశాతం దాటి తాగినా కంగారుపడకండి. రంజన్‌లో నీళ్లు చల్లబడేది ఆ గుణంవల్లే.

రాళ్లను పొడి చేయడం

పలుగురాయి గట్టిది, రోట్లో వేస్తే రోలే అరుగుతుంది. ముందు రాళ్లను కొలిమిలోనో కట్టెల మంటలోనో ఎర్రగా కాల్చి, పొడవాటి పట్కారుతో చన్నీళ్ల బకెట్‌లో వేయాలి. కళ్లద్దాలు పెట్టుకోండి, పెంకులు ఎగురుతాయి. రాయంతా లోపల్లోపల పగిలి తర్వాత సుత్తి తగలగానే రవ్వగా రాలుతుంది. ఫెల్డ్‌స్పార్‌కు ఇంత కష్టం లేదు.

రాతిపొడి విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. సన్నటి సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి బయటికి రాదు. సిలికోసిస్ అనే జబ్బుకు పూర్తిగా నయం చేసే మందు లేదు. రాతి క్రషర్లలో పనిచేసినవాళ్ల దగ్గును దగ్గరనుంచి చూసినవాడిగా చెప్తున్నాను. ఎన్95 మాస్కు పెట్టుకోండి, పొడిని తడిగానే నూరండి, చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

దృశ్యాన్ని మన్నులోకి దించడం

చాలా దార్లున్నాయి, నేను ఎక్కువ చేసేవి మూడు.

*ఎండిన చెరువు.* ఒండ్రుతో ఒక సెంటీమీటర్ మందం పలకో, వెడల్పాటి పళ్లెమో చేసుకోండి. అది ఇంకా మెత్తగా ఉండగానే, వేలు పెడితే గుర్తు పడే పదునులో, రేగడి పూత వేయాలి. రేగడి ఒక్కదాన్నే వేస్తే మొత్తం పొరగా లేచిపోతుంది. రేగడి సగం, అడుగున వాడిన ఒండ్రు సగం కలిపి, దోసెపిండి చిక్కదనంలో మూడు మిల్లీమీటర్ల మందం పోయండి. అడుగు 9 శాతం కుంచించుకుంటే పైపూత అంతకన్నా ఎక్కువ కుంచించుకుంటుంది. ఆ తేడాకు పూత పలకలు పలకలుగా చీలుతుంది. నీడన మెల్లగా ఆరితే పెద్ద పెచ్చులు, ఫ్యాను కింద ఆరితే చిన్నవి. చీలికల అంచులు కొద్దిగా పైకి లేస్తాయి, నిజం చెరువులో లేచినట్టే. గోటితో గీకితే ఊడిపోతుంటే పూతలో ఒండ్రు పాలు పెంచండి.

*పొరలు ఊడే బండ.* భువనగిరి కోట గుట్టను, రాచకొండ గుట్టలను దగ్గరగా చూస్తే గ్రానైట్ ఉల్లిపొరలా పొరలు పొరలుగా లేస్తుంది. గుండ్రటి బండలు ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చినట్టు నిలబడేది ఈ గుణంవల్లే. దీనికి సోడియం సిలికేట్ అనే చిక్కటి ద్రవం కావాలి, కెమికల్ షాపుల్లో దొరుకుతుంది. మందంగా, నిటారుగా ఒక గొట్టంలాంటి పాత్ర చేసి, బయట మాత్రమే సోడియం సిలికేట్ పూసి, హెయిర్ డ్రయ్యర్‌తో పైపొర గట్టిపడేదాకా ఆరబెట్టండి. ఇప్పుడు చేయి లోపలికి పెట్టి, బయట అస్సలు తాకకుండా లోపలినుంచి మాత్రమే ఉబ్బించండి. గట్టిపడిన పైపొర చిట్లి, కింది మెత్తటి మన్ను బయటపడుతుంది. పొట్ట ఎంత ఉబ్బితే చిట్లు అంత పెద్దవి. ఇక్కడ ఇనుప ఇసుక పనికొస్తుంది. మన్నులో తూకానికి ఒక శాతం ముందే కలిపి ఉంటే, కాలాక చిట్లలో నల్లచుక్కలు తేలతాయి.

రెండు గిన్నెలు బోర్లించి అతికి బండలా మూసిన ఆకారం చేస్తుంటే, అడుగున పెన్ను దూరేంత రంధ్రం పెట్టడం మరిచిపోకండి. లోపలి ఆవిరికి దారి లేకపోతే కాల్చేటప్పుడు పేలుతుంది.

*జాజు, నలుపు.* మన ఇళ్ల గోడలకు, అరుగులకు పూసే జాజు ఇనుము నిండిన మన్నే. లీటరు నీళ్లు, 400 గ్రాముల ఎండు ఎర్రమన్ను, 3 గ్రాముల సోడియం సిలికేట్ కలిపి గాజుసీసాలో 20 గంటలు కదపకుండా ఉంచండి. పైన పలుచటి నీళ్లు, మధ్యన పాలలాంటి ఎర్ర ద్రవం, అడుగున మడ్డి. మధ్యదాన్ని సన్నటి పైపుతో లాగేయండి, కావలసింది అదే. నేను మొదట బోరునీళ్లతో నాలుగుసార్లు చేస్తే నాలుగుసార్లూ గంటలోనే మొత్తం అడుక్కు దిగిపోయింది. తప్పు మన్నులో ఉందనుకున్నాను. మా వైపు నీళ్లలోని ఉప్పులే మన్ను రేణువుల్ని గుంపుకట్టించి ముంచేస్తున్నాయి. వాననీళ్లతో చేస్తే మొదటిసారికే తేరింది. ఆ ద్రవాన్ని బాగా ఆరిన కుండమీద కుంచెతో మూడు పొరలు పూసి, తడి ఇగిరీ ఇగరకముందే వాగు గులకరాయితోనో చెంచా వెనకభాగంతోనో రుద్దితే గ్లేజ్ లేకుండానే నిగనిగలాడుతుంది.

ఆరబెట్టడం, కాల్చడం

మార్చి నుంచి మే వరకు మన ఎండలో కుండ గంటలో ఆరిపోతుంది, అదే సమస్య. అంచు ముందు ఆరి అడుగు తడిగా ఉంటే చీలక తప్పదు. వారంపాటు నీడన, పైన దినపత్రికలు కప్పి, రోజూ ఒకసారి తిప్పుతూ ఆరబెట్టండి. చెంపకు ఆనిస్తే చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టు.

కుండలు కాల్చే ఎలక్ట్రిక్ బట్టీ (కిల్న్) అందుబాటులో ఉంటే (హైదరాబాద్‌లో కొన్ని స్టూడియోలు డబ్బు తీసుకుని కాల్చిపెడతాయి) ఇలా పోనివ్వండి: 120 డిగ్రీలకు మూడు గంటల్లో చేరి అక్కడ రెండు గంటలు ఆగాలి, అక్కడినుంచి 600 వరకు గంటకు 80 డిగ్రీల చొప్పున, ఆపైన 1020 వరకు గంటకు 150. మధ్యలో 573 డిగ్రీల దగ్గర పలుగురాయి రేణువులు ఒక్కసారిగా ఉబ్బుతాయి, చల్లారేటప్పుడు అక్కడే మళ్లీ కుంచించుకుంటాయి. మన మన్నులో ఇసుక ఎక్కువ కాబట్టి పోవడంలోనూ రావడంలోనూ అక్కడ నెమ్మది కావాలి. 100 లోపుకు దిగేదాకా తలుపు తెరవకండి. కాలే మన్నునుంచి ఫ్లోరిన్, గంధకం లాంటి వాయువులు వస్తాయి, కిల్న్ ఉన్న గదిలో కూర్చోవద్దు.

కిల్న్ లేకపోతే ఆవమే. మోకాలి లోతు గుంత తీసి, అడుగున ఊక, దానిమీద పిడకలు, ఆపైన ముందే సెగ చూపించి వేడెక్కించిన కుండలు, చుట్టూ మళ్లీ పిడకలు, కట్టెలు, పైన వరిగడ్డి కప్పి తడిమన్ను మెత్తండి. పొగ పోవడానికి రంధ్రాలు వదలాలి. వేడి సుమారు 700 నుంచి 850 వరకు వస్తుంది. మంట తగ్గుతున్నప్పుడు ఊక ఎక్కువగా పోసి గాలి అందకుండా మూసేస్తే ఎర్ర పూత నల్లగా మారుతుంది. ఇనుము అదే, గాలి అందితే ఎరుపు, అందకపోతే నలుపు.

మన దగ్గర పెద్ద పెద్ద రాళ్ల సమాధుల్లో దొరికే లోపల నలుపు, బయట కింది సగం ఎరుపు ఉన్న కుండలు ఇలాంటివే. కుండను బోర్లించి, లోపల, మూతి చుట్టూ ఊకలాంటిది కూరి కాల్చితే అక్కడ గాలి అందక నలుపు, మిగతాచోట ఎరుపు వస్తుంది. ఇంట్లో కూడా చేయొచ్చు. మూతిని నాలుగు వేళ్ల లోతు ఊకలో దిగేసి కాల్చండి, రెండు రంగులూ కలిసేచోట ఆకాశంలో మబ్బు అంచులాంటి గీత వస్తుంది. ఆ గీతకోసమే నేను ఇంకా ఆవం పెడుతుంటాను.

నేను నేర్చుకున్నది మా పక్కూరి కుమ్మరి తాత దగ్గర. తీసిన ప్రతి కుండనూ వేలి ఎముకతో కొట్టి, చెవి దగ్గర పెట్టించేవాడు. "సప్పుడు ఇను బిడ్డా, ఖంగుమంటే కాలినట్టు, బొద్దుమంటే పచ్చిగున్నట్టు, జీరపోతే ఎక్కడో పగులున్నట్టు" అనేవాడు. కొలతలన్నీ వేసుకున్నాక కూడా ఆఖరికి నేను నమ్మేది ఆ చప్పుడునే.

గుట్టతోనే గ్లేజ్

1280 డిగ్రీల దాకా పోయే గ్యాస్ కిల్న్ దొరికితే గ్రానైట్ పొడే గ్లేజ్ అవుతుంది. ఫెల్డ్‌స్పార్, సిలికా అందులో ముందే ఉన్నాయి. త్వరగా కరిగించే సున్నం కావాలి, అది కట్టె బూడిదలో ఉంటుంది. గ్రానైట్ పొడి 50, జల్లించిన కట్టె బూడిద 35, ఎర్రమన్ను 15. ఇది మొదటి పరీక్షకు మాత్రమే, మీ బూడిద వేరు, మీ రాయి వేరు. బూడిదను 5 చొప్పున పెంచుతూ తగ్గిస్తూ ఐదారు పలకలు కాల్చండి. గ్లేజ్ కారి కిల్న్ అరలకు అంటుకోకుండా ప్రతి పలక కింద ఒక మన్ను పళ్లెం పెట్టాలి. ఊక బూడిదను కట్టె బూడిద బదులు వాడొద్దు, అది దాదాపు సిలికానే, గ్లేజ్ బిరుసెక్కుతుంది. తడి బూడిద చేతుల్ని కొరుకుతుంది, గ్లౌజులు తప్పనిసరి.

గుర్తుంచుకోండి, మన ఎర్రమన్ను అంత వేడికి నిలవదు, వంగి కరుగుతుంది. పాత్రను కొన్న స్టోన్‌వేర్ మన్నుతో (అంత వేడికి నిలిచే మన్నుతో) చేసి, ఎర్రమన్నును పైన మందంగా పూస్తే అదే కరిగి ముదురు గోధుమరంగు గ్లేజ్ అవుతుంది. వేడి తక్కువైన చోట, అంటే 1040 దగ్గర, సీసం లేని ఫ్రిట్ (ముందే కరిగించి పొడి చేసిన గాజు) 85, వడకట్టిన మన్ను 15 కలిపి పూయండి. ఎర్రమన్నుమీద తేనెరంగులో వస్తుంది. అంగట్లో ఫ్రిట్ కొనేటప్పుడు సీసం లేదని అడిగి, చీటీమీద చూసి కొనండి.

ఇలా దొరికిన రాళ్లతో చేసిన గ్లేజ్ ఉన్న గిన్నెలో తినొద్దు. ల్యాబ్‌లో పరీక్ష చేయించేదాకా అవి గోడకు, అల్మారాకే. ఆవంలో కాల్చినవి నీళ్లు ఇముడ్చుకుంటాయి, పూలకుండీగా పెడితే కింద పళ్లెం పెట్టండి.

ప్రతి వస్తువు అడుగున, మన్ను పచ్చిగా ఉండగానే, పుల్లతో మూడు సంగతులు గీయండి: మన్ను ఎక్కడిది, ఏం కలిపారు, ఎంత వేడి. నా అల్మారాలో ఒక పళ్లెం కింద "పానగల్లు చెరువు, రేగడి సగం, 1020" అని ఉంటుంది. దాని పక్కనే ఉన్న ఇంకో పళ్లెం దానికన్నా బాగుంటుంది, కానీ దాని కింద ఏమీ రాయలేదు, అలాంటిది మళ్లీ చేయలేకపోతున్నాను.